కొన కోయని నాలుగు మొలకలు

కంపెనీ పెట్టుకున్న డిటెక్టివ్ అచ్యుతరావు రిపోర్టు పద్నాలుగు పేజీలుంది. సూర్యకళ దాన్ని అంకురిణి ల్యాబ్స్ రిసెప్షన్‌లో కూర్చుని రెండుసార్లు చదివింది. చదవక చేసేదేమీ లేదు. ఆమెను లోపలికి పంపడానికి సెక్యూరిటీవాళ్ళకు నలభై నిమిషాలు పట్టింది. ముందు రిజిస్టరులో సంతకం, తరువాత కంప్యూటర్లో ఫొటో, ఆ ఫొటోలో కళ్ళద్దాలు మెరిశాయని మళ్ళీ ఫొటో. రైల్వే విజిలెన్స్‌లో ఇరవై ఆరేళ్ళు చేసి, ముందే రిటైరై, లాలాపేట్‌లో సొంతంగా డిటెక్టివ్ ఆఫీసు పెట్టుకున్న మనిషికి కాచుకుని కూర్చోవడం కొత్త కాదు. కానీ ఈరోజు అంత తీరిక లేదు. అప్పటికే పదింబావు అయింది.

రిపోర్టు మొత్తం చెప్పేది ఒక్క ముక్కే. మంగళవారం మధ్యాహ్నం నాచారంలోని ఈ ల్యాబ్‌లో చీఫ్ సైంటిస్టు డాక్టర్ రామచంద్రరావు వెనక మెట్ల కింద తల పగిలి పడి ఉన్నాడు. ఆయన్ను తోసింది అనలిస్టు ఆశ. ఆయన నోటుబుక్కు మాయం చేసింది కూడా ఆమే.

ఆశ నిన్న సాయంత్రం సూర్యకళ దగ్గరికి వచ్చింది. మల్కాజిగిరి అమ్మాయి, ముప్ఫై ఏళ్ళుండవు. రెండు రోజులుగా పొద్దున తొమ్మిదికి పోలీస్ స్టేషన్‌కు వెళ్ళి సాయంత్రం దాకా బెంచీ మీద కూర్చుంటోంది. ఈరోజు కూడా అక్కడే ఉంది, ఫోను కూడా తీసేసుకున్నారు. ఈరోజు సాయంత్రానికల్లా అరెస్టు రాసేస్తారని కానిస్టేబుల్ ఒకాయన జాలిపడి చెప్పాడట.

"డాక్టర్ గారు నన్ను తిట్టిండు, పని కూడా ఆయనే నేర్పిండు మేడం," అంది ఆశ నిన్న. "ఆయన లేస్తే ఒక్క మాట చెప్తడు. లేచేదాకా నన్ను బయట ఉండనిస్తరా?"

డాక్టరు ఉప్పల్‌లో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో స్పృహ లేకుండా ఉన్నాడని ఆశ చెప్పింది. ఎప్పుడు లేస్తాడో ఎవరూ చెప్పడం లేదట.

చివరికి లిఫ్టు తెరుచుకుని అచ్యుతరావే దిగి వచ్చాడు. ఆయన రిటైర్డ్ డి.ఎస్.పి., కృష్ణా జిల్లా మనిషి. కంపెనీ ఎం.డి. దయాకర్ మంగళవారం సాయంత్రమే ఆయన ఏజెన్సీకి కేసు అప్పగించాడు. స్టేషన్లో ఇప్పటికీ ఆయన ఫోను చేస్తే లేచి నిలబడేవాళ్ళున్నారు. అందుకే ఆయన రాసింది రాసినట్టు నమ్ముతున్నారు.

"ఇందులో ఇంకా చూడ్డానికేముందండీ సూర్యకళగారూ?" అన్నాడు. "ఆ గంటలో పైన ఉన్నది ముగ్గురు. ఒకరు పడ్డారు. ఒకరు చీకటి గదిలో ఉన్నారు, అది కెమెరాలో ఉంది. మిగిలిందెవరు?"

"లెక్క మంచిగనే ఉంది సార్. గోడలు ఎట్లున్నయో నేను చూడాలె."

"గోడలు నేను చూశాను. మూడో పేజీ."

పై అంతస్తు చేరేదాకా ఆయన ఆ మూడో పేజీ వినిపిస్తూనే ఉన్నాడు. ఆమె వద్దనలేదు, వద్దన్నా ఆయన ఆపే రకం కాదు. కారిడార్‌లో ఒక కెమెరా. కారిడార్ పక్కన పెద్ద ల్యాబ్ హాలు, హాలును ఆనుకుని చీకటి గది, దాని తలుపు కారిడార్‌లోకే. హాలు వెనక తలుపు తీస్తే వెనక మెట్లు, కింద జనరేటర్ ఉన్న పెరడు. అటు కెమెరా లేదు.

మంగళవారం ఒకటీ ఇరవై ఎనిమిదికి పృథ్వీ అనే మరో అనలిస్టు చీకటి గదిలోకి వెళ్ళాడు. మిగతా స్టాఫు ఒకటిన్నరకి ట్రైనింగ్ కోసం కింది అంతస్తుకు పోయారు. హాల్లో డాక్టరు, ఆశ మిగిలారు. డాక్టరుకు షుగరు. భోజనం కాగానే వెనక మెట్లు ముప్ఫైసార్లు ఎక్కి దిగడం ఆయన అలవాటు. రోజూ ఒకటిన్నరకే వెళ్ళే మనిషి, ఆ రోజు భోజనం ఆలస్యమై రెండింటికి వెనక తలుపు తీసుకుని వెళ్ళాడు. మూడూ పదికి ఏదో సంతకం కోసం వెతుక్కుంటూ వెళ్ళి ఆయన్ను చూసింది ఆశ. అరిచింది. మూడూ పదహారుకి చీకటి గది నుంచి పృథ్వీ బయటికొచ్చాడు. దెబ్బ తగిలి గంట దాటిందని ఆసుపత్రివాళ్ళు చెప్పారు. ఆ గంటా తను హాల్లోనే ఉన్నానని, సీసాలు ఊపే షేకర్ మిషను మోతలో తనకేమీ వినపడలేదని ఆశ వాంగ్మూలం ఇచ్చింది. సోమవారం నాడు రెండు సీసాల చీటీలు తారుమారు చేసినందుకు డాక్టరు ఆమెను అందరి ముందూ తిట్టాడు కూడా.

"మోటివ్, అవకాశం, ఒప్పుకోలు. మూడూ ఉన్నాయి," అన్నాడు అచ్యుతరావు.

"ఒప్పుకోలు ఎక్కడుంది సార్?"

"హాల్లోనే ఉన్నానని ఒప్పుకుంది కదండీ."

సూర్యకళ కళ్ళు మూసుకుని ఐదు లెక్కపెట్టుకుంది. ఆమెకు బి.పి. ఉంది. ఆమెకు మందులిచ్చే డాక్టరు లెక్కపెట్టుకోమన్నది పది వరకు, కానీ ఈయన దగ్గర పదిదాకా ఆగితే ఇంకో పేజీ మొదలుపెడతాడు.

కారిడార్‌లో లింగమ్మ నేల తుడుస్తోంది. అరవై దగ్గరపడిన మనిషి, పాత నాచారం ఊరామె. ఈ ఫ్యాక్టరీలు రాకముందు ఇక్కడే ఎక్కడో వాళ్ళకు జొన్న చేను ఉండేదట. ఇప్పుడు ల్యాబ్‌లో గాజు సామాను కడిగి, నేలలు తుడుస్తుంది. అచ్యుతరావును చూడగానే ఆమె మాప్ కర్ర గోడకు ఆనించి నిలబడింది.

"అక్కా, గీ సారుకు బుధారం నాడే చెప్పిన. ఇనలే," అంది సూర్యకళతో.

"ఏం చెప్పినవు లింగమ్మక్కా?"

"చీకటర్రల ఇనుప అల్మార ఉంటది గద. దాని కింద నేను ఏడాది సంది తుడువలే. బరువు, నాతోని జరుగది. బుధారం పొద్దుగాల సూస్తే నేల మీద గీరలు. ఎవరో జరిపి మల్ల పెట్టిన్రు. గదే చెప్పిన. కేసుల గిట్ల అల్మారల ముచ్చట రాయరన్నడు."

సూర్యకళ అచ్యుతరావు వైపు తిరిగింది. ఆయన తొణకలేదు. అల్మారా వెనక, మెట్ల వైపుకు ఒక పాత తలుపు ఉందని తనకూ తెలుసన్నాడు. ఆ గదిని చీకటి గదిగా మార్చినప్పుడు దానికి నల్ల కాగితం అంటించి, చుట్టూ టేపు వేసి మూసేశారు. తను అల్మారా పక్క నుంచి టార్చి వేసి చూశాడు. టేపు చెక్కుచెదరలేదు. తొమ్మిదో పేజీ.

"మూడో పేజీల వెనక మెట్లకు ఇంకో దారి లేదని రాసినరు. తొమ్మిదో పేజీల తలుపు ఉందని రాసినరు. ఏది నమ్మాలె సార్?"

"మూసేసిన తలుపు దారి ఎలా అవుతుందండీ?"

"టేపు కొత్తదా, పాతదా?"

"టేపుకు పుట్టినరోజు ఉంటుందా మేడం?"

ఇక మాట్లాడితే అరుస్తానని ఆమెకు తెలుసు. నేరుగా చీకటి గది తలుపు దగ్గరికి వెళ్ళి, పృథ్వీని పిలిపించమంది.

పృథ్వీ వచ్చాడు. ముప్ఫై రెండేళ్ళవాడు, సన్నగా, శుభ్రంగా ఉన్నాడు. తండ్రి ఉప్పల్‌లో ఒక ప్రభుత్వ పరిశోధన సంస్థలో పనిచేసి రిటైరయ్యాడు. ఇతను చిన్నప్పటి నుంచీ ల్యాబుల మధ్యే పెరిగాడట. మూడు రోజులుగా నిద్ర లేనట్టు కళ్ళు ఉబ్బి ఉన్నాయి, కానీ మాట నెమ్మదిగానే ఉంది. గదిలోకి ముగ్గురూ వెళ్ళాక తలుపు మూసి, ఎర్ర లైటు వేశాడు. ఎర్రటి వెలుగులో బల్ల, దాని మీద స్టాండులో మొలకల ట్రేలు, మూలన ఇనుప అల్మారా కనిపించాయి.

ఆమెకు ఈ చదువు లేదు. పరీక్ష గురించి ఆశ కొంత చెప్పింది, కానీ ఆశ ఇప్పుడు స్టేషన్ బెంచీ మీద ఉంది. తెలిసినవాళ్ళలో అందుబాటులో ఉన్నవాడు ఇతనొక్కడే. అనుమానించాల్సిన మనిషినే మాస్టారుగా కూర్చోబెట్టాల్సి రావడం ఆమెకు మహా చిరాకుగా ఉంది. అయినా అడిగింది. అసలు ఇక్కడ ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు, నాలాంటి దానికి అర్థమయ్యేటట్టు చెప్పమంది.

పని గురించి అడిగేసరికి పృథ్వీ ముఖంలో కొంచెం వెలుగు వచ్చింది. రైతులకు అమ్మే పంట టానిక్కులు ఇక్కడికి పరీక్షకు వస్తాయి. సముద్రపు నాచు సారం అనీ, ఇంకోటనీ సీసా మీద రాసుంటుంది. లోపల మొక్కను పెంచే హార్మోను ఉందా, ఉంటే ఎంత ఉంది అనేది ల్యాబ్ తేల్చాలి. మిషన్లున్నాయి. కానీ డాక్టరు మిషను చెప్పాక కూడా మొక్క మీద చూడందే సంతకం పెట్టడు. మిషను పేరు చెబుతుంది, ఆ పేరు మొక్కను ఏం చేస్తుందో మొక్కే చెప్పాలంటాడు.

అందుకు ఓట్స్ గింజల్ని చీకట్లో మొలకెత్తిస్తారు. మూడు రోజులకు మొలక సన్నగా, తెల్లగా, సూదిలా నిలబడుతుంది. దాని కొన కోసేస్తారు. హార్మోను తయారయ్యేది ఆ కొనలోనే, కాబట్టి ఇక అది తనంతట తాను పెరగదు. కోసిన చోట ఒక పక్కగా చిన్న జెల్లీ ముక్క పెడతారు. ఆ ముక్కలో టానిక్కు ఇంకించి ఉంటుంది. అందులో హార్మోను ఉంటే ఆ పక్క మాత్రమే పెరిగి, మొలక రెండో పక్కకు వంగుతుంది. సరిగ్గా తొంభై నిమిషాలకు ఫొటో తీసి, ఎంత వంగిందో కొలిస్తే ఎంత హార్మోను ఉందో తెలిసిపోతుంది.

"మంగళవారం జెల్లీ ముక్కలు ఎన్నింటికి పెట్టినవు?"

"ఒకటీ ముప్ఫై అయిదుకి మేడం. మూడూ అయిదుకి ఫొటో తీశాను. ఫొటో మీదే టైం ఉంటుంది. మధ్యలో వదిలి వెళ్ళడానికి ఉండదు."

"ఎందుకుండదు? మొలకలు పారిపోతయా?"

"వెలుతురు మేడం. తలుపు తీస్తే మామూలు వెలుతురు వస్తుంది. మొలక వెలుతురు వైపు వంగుతుంది. అప్పుడు లెక్క పాడవుతుంది."

"ఈ ఎర్ర లైటు?"

"దీనికి వంగదు. అందుకే ఇది వాడతాం."

"కొన కోసినా వెలుతురుకు వంగుతదా?"

పృథ్వీ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఏళ్ళ తరబడి కొత్తగా చేరినవాళ్ళకు చెప్పిన మాటే చెప్పాడు. "కోసినది దాదాపు వంగదు. వెలుతురు పసిగట్టేది ఆ కొనే. అది కోస్తే మొలకకు కళ్ళు పోయినట్టే."

"ఎంతసేపు వెలుతురు పడితే వంగుతది?"

"రెండు మూడు నిమిషాలు చాలు. కాకపోతే వంపు వెంటనే కనిపించదు. బాగా తెలియడానికి గంట పడుతుంది."

"నువ్వున్న తొంభై నిమిషాలల్ల ఈ గదిలకు వెలుతురు రాలే."

"రాలేదు మేడం."

అచ్యుతరావు గట్టిగా ఊపిరి వదిలాడు. ఇవన్నీ ఆరో పేజీలో ఉన్నాయన్నాడు. సూర్యకళ పదకొండో పేజీ తీసి బల్ల మీద పరిచింది. మంగళవారం మూడూ అయిదుకి పృథ్వీ తీసిన ఫొటో అది. తను కదల్లేదనడానికి సాక్ష్యంగా అతనే అచ్యుతరావుకు ఇచ్చాడు. రిసెప్షన్‌లో కూర్చున్నప్పటి నుంచీ ఆ ఫొటోలో ఏదో ఆమెకు కుదరడం లేదు. అదేమిటో ఇప్పుడు తెలిసింది.

ట్రేలో మూడు వరసలున్నాయి. మొదటి వరసకు నలభై ఒకటో నంబరు శాంపిల్ పెట్టారు. ఆ మొలకలు బాగా వంగి ఉన్నాయి. రెండోది పోల్చుకోవడానికి తెలిసిన హార్మోను పెట్టిన వరస. మూడో వరసలో ఉత్త జెల్లీ. అవి నిటారుగా ఉన్నాయి. ట్రే అంచున విడిగా ఇంకో నాలుగు మొలకలున్నాయి.

"ఇవేంది?"

"స్పేర్ మేడం. ఏదైనా విరిగితే వాడుకోవడానికి ఉంచుతాం."

"కొన కోసినరా వీటికి?"

"లేదు. అవసరమైతేనే..." అంటూ ఫొటో మీదికి వంగాడు.

"ట్రే ఎటు తిప్పి పెట్టినా పట్టుతదా స్టాండుల?"

పృథ్వీ స్టాండు వైపు చూశాడు. నంబరు చీటీ ఉన్న వైపు ఎప్పుడూ కారిడార్ తలుపు వైపే ఉంటుందనీ, తిప్పితే స్టాండులో పట్టదనీ చెప్పాడు.

"చీటీ ఇటుంది. అంటే కారిడార్ తలుపు ఇటు. నాలుగు మొలకలు దానికి ఎదురు వైపు వంగినయి, నాలుగూ ఒక్క తీరుగ. జెల్లీ పెట్టలే వాటికి. కొన కోసి ఉత్త జెల్లీ పెట్టినయి నిటారుగ నిలవడ్డయి, వాటికి కండ్లు లేవంటివి. మరి కండ్లున్న నాలుగు అటు ఏం చూస్తున్నయి పృథ్వీ?"

ఎర్ర వెలుగులో ముగ్గురూ ఒకేసారి అటు చూశారు. అటు ఇనుప అల్మారా ఉంది.

అచ్యుతరావు వెంటనే అడ్డుపడ్డాడు. ఫొటో తీసేటప్పుడు ఫ్లాష్ పడి ఉంటుందన్నాడు. వంగడానికి గంట పట్టేది, ఫ్లాష్ పడిన క్షణానికే ఎలా వంగుతుందని సూర్యకళ అడిగింది. కారిడార్ తలుపు సందులోంచి వెలుతురు పడి ఉంటుందన్నాడు. అలాగైతే ఇటు వంగాలి, అటు కాదంది. ఆయన ఇంకో మాట వెతుక్కుంటున్నాడు. ఆమెకు ఇక ఓపిక లేకపోయింది.

"సార్, మీరు పేజీలు పక్కన పెట్టి ఈ అల్మారాకు ఒక చెయ్యి వెయ్యిరి."

ఆయన రోషంగా వేశాడు. ఇద్దరూ తోస్తే అల్మారా కిర్రుమంటూ జరిగింది. కింద నేల మీద లింగమ్మ చెప్పిన గీతలున్నాయి. సూర్యకళ మామూలు లైటు వేయమంది. తలుపు చుట్టూ టేపు చెక్కుచెదరకుండానే ఉంది, కానీ తళతళలాడుతోంది. మూల దగ్గర గోరుతో ఎత్తి లాగితే లోపల ఇంకో టేపు కనిపించింది. దుమ్ముపట్టి, ఎండి, మధ్యకు చిరిగిన పాత టేపు. గడియ మీది దుమ్ము ఒకచోట తుడుచుకుపోయి ఉంది. లాగగానే గడియ వచ్చేసింది. తలుపు తెరుచుకుంది. ఎదురుగా వెనక మెట్ల పై మెట్టు. రెండడుగుల దూరంలో ల్యాబ్ హాలు వెనక తలుపు. పట్టపగటి వెలుతురు నేరుగా వచ్చి బల్ల మీద ట్రేల మీద పడింది.

అచ్యుతరావు ఆ తలుపులో నిలబడి కిందికి, పక్కకు, మళ్ళీ కిందికి చూశాడు. ఈసారి ఏ పేజీ గురించీ మాట్లాడలేదు.

పృథ్వీ స్టూలు మీద కూలబడ్డాడు.

"నేను తొయ్యలేదు మేడం," అన్నాడు. "నేను తలుపు తీశానంతే."

"ఎవరికి?"

"దయాకర్ సార్‌కి."

తరువాత అతను చెప్పింది సూర్యకళ ఒక్కసారి కూడా అడ్డుపడకుండా విన్నది. నలభై ఒకటో నంబరు శాంపిల్ దయాకర్ బావమరిది పేరు మీద తయారయ్యే పత్తి టానిక్కు. సీసా మీద నాచు సారమని ఉంటుంది. మొక్క మీద పెడితే ఏ నాచులోనూ ఉండనంత హార్మోను కనిపించింది, అది కూడా కలుపుమందులో వాడే రకమని మిషను చెప్పింది. ఆ మోతాదు పడితే పత్తి ఆకులు ముడుచుకుపోయి, కాయ పట్టదు. డాక్టరు నాలుగుసార్లు చేసి చూశాడు. దోస గింజల మీద చేశాడు, ఓట్స్ మీద చేశాడు. నాలుగుసార్లూ అదే తేలింది. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టనన్నాడు. బుధవారం వ్యవసాయ శాఖకు రాసి పంపుతానన్నాడు. అంకెలన్నీ ఆయన నోటుబుక్కులోనే ఉన్నాయి. ఆయన వాటిని కంప్యూటర్లో ఎక్కించే మనిషి కాదు, రోజూ నోటుబుక్కు ఇంటికి పట్టుకెళ్ళిపోతాడు. మంగళవారం మాత్రం కొలతలు రాయమని పృథ్వీ చేతికి ఇచ్చాడు.

ఆ సంగతి పృథ్వీయే దయాకర్‌కు చెప్పాడు. కారిడార్‌లో కెమెరా ఉంది కాబట్టి వెనక నుంచి వస్తానని దయాకర్ అన్నాడు. రెండింటికల్లా డాక్టరు నడక ముగించి హాల్లోకి వెళ్ళిపోతాడనేది ఇద్దరి లెక్క. ఆ రోజు ఆయన భోజనం ఆలస్యమైందని చీకటి గదిలో ఉన్న పృథ్వీకి తెలియదు. తలుపు తీసి, నోటుబుక్కు అందిస్తుండగా పక్క తలుపు తెరుచుకుని డాక్టరు బయటికొచ్చాడు.

"నన్ను చూశారు. నా చేతిలో నోటుబుక్కు చూశారు. ఏమీ అనలేదు మేడం. దయాకర్ సార్ చేతిలోంచి లాక్కోబోయారు. సార్ విదిలించారు. నేను తలుపు మూసేశాను." అతను రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు. "గంటసేపు ఇక్కడే కూర్చున్నాను. కిందికి వెళ్ళి చూడాలనుకున్నాను. కాళ్ళు రాలేదు. టైమవగానే ఫొటో తీశాను. ఎందుకు తీశానో కూడా నాకు తెలీదు."

సూర్యకళకు అతని మీద జాలి కలగలేదు. కోపం కూడా ఆ క్షణంలో కలగలేదు. ఆ గంటలో ఒక్క ఫోను చేసి ఉంటే డాక్టరు ఈపాటికి లేచి కూర్చునేవాడేమో అన్న ఒక్క ఆలోచనే మెదిలింది. అచ్యుతరావు వైపు తిరిగి, స్టేషన్‌కు ఫోను చేసేది మీరా, నేనా అని అడిగింది.

ఆయన అప్పటికే ఫోను చెవి దగ్గర పెట్టుకున్నాడు. "ఆ అమ్మాయిని ఇంటికి పంపించెయ్యండి," అన్నాడు అవతలి మనిషితో. "అవునయ్యా, నా రిపోర్టే. నా రిపోర్టే తప్పు. ఇక్కడికి ఇద్దర్ని పంపండి, ఒక వాంగ్మూలం తీసుకోవాలి. దయాకర్ ఎక్కడున్నాడో..." అని హఠాత్తుగా ఆగిపోయాడు. ఫోను మెల్లగా కిందికి దిగింది.

"ఏమైంది సార్?"

"దయాకర్ ఎక్కడున్నాడో నాకు తెలుసండీ. డాక్టర్ గారితో ఉన్నాడు."

ఆ పొద్దున తొమ్మిదిన్నరకి ఉప్పల్ ఆసుపత్రి నుంచి డాక్టరును సికింద్రాబాద్ వైపు ఒక పెద్ద ఆసుపత్రికి మార్చారు. మంచి వైద్యం ఇప్పిద్దామని దయాకరే ముందుకొచ్చి అంబులెన్స్ మాట్లాడాడు. కంపెనీ తరఫున అచ్యుతరావును రమ్మన్నాడు. ఆయన వెళ్ళి, కాగితాలన్నీ చదివి మరీ పూర్తిచేయించాడు.

"ఆ ఫారం మీద సాక్షి సంతకం నాదేనండీ," అన్నాడు.

సూర్యకళ టైం చూసింది. పదకొండూ ఇరవై. డాక్టరు భార్య అనంతలక్ష్మి నంబరు ఆశ ఇచ్చి ఉంది. రెండో రింగుకే ఆమె ఎత్తింది. కొత్త ఆసుపత్రి రిసెప్షన్‌లో పదింబావు నుంచీ కూర్చుని ఉన్నానని, అంబులెన్స్ ఇంకా రాలేదని, ట్రాఫిక్కులో ఇరుక్కుందేమోనని చెప్పింది. తను కూడా అందులోనే వస్తానంటే, బట్టలూ సామానూ తీసుకుని కారులో ముందు వెళ్ళమని దయాకర్ అన్నాడట. అతని ఫోను స్విచ్ ఆఫ్ అని వస్తోందట.

సూర్యకళ గొంతు మామూలుగా ఉంచుకుంది. డాక్టర్ గారిని ఇంత తొందరగా ఎందుకు మార్చారు, నిన్న ఏమైనా తేడా వచ్చిందా అని అడిగింది.

"తేడా అంటే మంచే కదమ్మా. నిన్న సాయంత్రం కళ్ళు తెరిచారు. నా వైపు చూశారు. నోట్లో నోట్లో ఏదో అన్నారు, తెలియలేదు," అంది అనంతలక్ష్మి. "ఆ సంతోషంలో మొదట దయాకర్ గారికే చెప్పాను. ఆయనే కదా అన్నీ చూసుకుంటోంది."

సూర్యకళ ఆమెను అక్కడే ఉండమని, ఎవరు పిలిచినా కదలొద్దని చెప్పి పెట్టేసింది. అచ్యుతరావు ఈలోపు ఉప్పల్ ఆసుపత్రికి ఫోను చేసి, అంబులెన్స్‌లో వెంట వెళ్ళిన నర్సు పేరు నీరజ అని, ఆమె నంబరు ఇదని కాగితం మీద రాసి ముందుకు జరిపాడు. ఇద్దరూ మెట్లు దిగుతూనే సూర్యకళ ఆ నంబరుకు కొట్టింది. ఎవరూ ఎత్తలేదు. మళ్ళీ కొట్టింది. మూడోసారి ఒక ఆడపిల్ల గొంతు, వెనక రైలు అనౌన్స్‌మెంటు వినపడింది.

"ఎక్కడున్నవమ్మా?"

"చర్లపల్లి స్టేషన్ బయట మేడం. ఆటో కోసం చూస్తున్న. మీరెవరు?"

"డాక్టర్ రామచంద్రరావు గారు ఎక్కడున్నరు?"

నీరజ తడబడుతూ చెప్పింది. అంబులెన్స్ సికింద్రాబాద్ వైపు తిరగలేదు. ఎందుకని అడిగితే అటు రోడ్డు మూసేశారని దయాకర్ అన్నాడు. చర్లపల్లి దగ్గర ఒక తెల్ల వ్యాను ఆగి ఉంది. అందులో ఇంకా మంచి మిషన్లున్నాయని, వేరే డాక్టరు ఉన్నాడని చెప్పి పేషెంటును అందులోకి మార్చారు. ఆమెకు అందులో డాక్టరెవరూ కనపడలేదు. ఆక్సిజన్ సిలిండర్ కూడా కనపడలేదు. తను కూడా ఎక్కుతానంటే అవసరం లేదన్నారు. అంబులెన్స్ వెళ్ళిపోయింది. ఆసుపత్రికి ఫోను చేస్తే లైను కలవలేదు.

"ఎంతసేపాయె?"

"గంట దాటింది మేడం. వ్యాను ఘట్‌కేసర్ వైపు పోయింది." ఏడుపు ఆపుకుంటోందని సూర్యకళకు వినపడుతూనే ఉంది. "ఆయనకు తెలివి ఉండె మేడం. నా చెయ్యి పట్టుకున్నడు, ఇడువలే. ఒక్కొక్క వేలు ఇడిపించి తీస్కపోయిన్రు."